కూచుని చెప్పవలసిన మాట

పోయిన యేడు నల్లగొండలో అధ్యాపకుల సభ ఒకటి జరిగింది. ప్రభుత్వాసుపత్రుల దుస్థితి మీద తీర్మానం రాసే పని నలుగురికి అప్పగించారు. ఆ నలుగురిలో నేనొకణ్ణి. ఖాళీ పోస్టులు భర్తీ చెయ్యాలి, మంచాలు పెంచాలి, మందులు బయట కొనుక్కురమ్మని చీటీలు రాయడం మానాలి, కాంట్రాక్టు నర్సులను పర్మనెంటు చెయ్యాలి అని రాశాం. చివర నేనొక వాక్యం కలపమన్నాను: "నయంకాని జబ్బు గురించీ, మరణం గురించీ రోగికీ యింటివాళ్లకూ కూచోబెట్టి చెప్పడానికి ప్రతి జిల్లా ఆసుపత్రిలోనూ ఒక గదీ, శిక్షణ పొందిన మనిషీ వుండాలి. చెప్పిన తర్వాత కూడా ఆ మనిషి వాళ్ల వెంట నిలబడాలి."

మిత్రులు నవ్వారు. దురుద్దేశంతో కాదు. వయసులో నాకంటే పెద్దవారు, ఉద్యమంలో తల నెరిసినవారు ఒకరు, "సారూ, మంచానికి యిద్దరు పడుకునేచోట మెత్తని మాటలకు గది అడుగుతారా? ముందు మంచాలూ మందులూ రానివ్వండి. కన్నీళ్లు తుడవడం దాతల పని" అన్నారు. పక్కనే వున్న విద్యార్థి నాయకుడు, "దయ మనిషి గుణం సార్. జీవో యిస్తే వస్తదా?" అన్నాడు. వాక్యం కొట్టేశారు. నేను కూడా గట్టిగా పట్టుపట్టలేదు. యెందుకు పట్టుపట్టలేదో తర్వాత చెబుతాను.

యీ వ్యాసం ఆ యిద్దరికీ జవాబు. పైకి చూస్తే వాళ్ల అభ్యంతరాలు వేరువేరు. ఒకరికి యిది విలాసం, ఇంకొకరికి యిది పుట్టుకతో వచ్చే వరం. కాని రెంటికీ మూలం ఒక్కటే పొరపాటు. చెడ్డ కబురు చెప్పడం వైద్యానికి బయట వున్న వ్యవహారమని యిద్దరూ అనుకుంటున్నారు. అది వైద్యంలో భాగమనీ, శ్రమ అనీ, కనుక హక్కుగా అడగవలసినదనీ నా వాదం.

1

వాదానికి ముందు ఒక అనుభవం చెప్పాలి. సొంత కథలు వాదంలోకి తేవడం నాకిష్టం లేదు. కాని యిందులో ముద్దాయిని నేనే గనుక తప్పదు.

మా అక్కను దేవరకొండ దిక్కు యిచ్చాం. మా బావకు ఆరెకరాల చెలక, ఒక బోరు, రెండు బర్రెలు. 2012లో ఆయనకు కామెర్లు వచ్చాయి. వూళ్లో పసరు పోశారు, పట్నంలో సూదులు వేశారు, తగ్గలేదు. చివరికి హైదరాబాదులో ఒక పెద్ద ఆసుపత్రికి తీసుకుపోయాం. పేరు అవసరం లేదు, యే పెద్ద ఆసుపత్రయినా యీ కథకు సరిపోతుంది. నాలుగు రోజులు పరీక్షలు చేశారు. అయిదోనాడు పొద్దున రౌండ్సుకు వచ్చిన చిన్న డాక్టరు, వరండాలో నడుస్తూ నడుస్తూ, మా అక్కవైపు తిరిగి, "పాంక్రియాస్‌ది అమ్మా. ఇనాపరబుల్. ఇంటికి తీసుకుపోండి" అని ముందుకు సాగిపోయాడు. మొత్తం కలిపి అరనిమిషం కూడా పట్టి వుండదు.

ఆ మూడు మాటల్లో మా అక్కకు అర్థమైంది ఒక్కటే – 'ఆపరేషన్'. ఆపరేషన్ చెయ్యాలంటున్నారు, యింటికి పొమ్మంటున్నారు. అంటే యేమిటి? ఆమె లెక్క ఆమెకు వుంది. "పైసలు లేవని పంపిస్తున్నరు" అనుకుంది.

మిత్రులారా, యీ చోట ఆగి ఆలోచించండి. మా అక్క తెలివితక్కువది కాదు. తన జీవితం నేర్పిన తర్కాన్నే ఆమె ఉపయోగించింది. పేదవాడితో 'యేమీ చెయ్యలేం' అని యెవరన్నా అన్నప్పుడల్లా దాని అర్థం 'నీకోసం యేమీ చెయ్యం' అనే. బ్యాంకులో అంతే, తహశీల్దారు కచేరీలో అంతే, కరెంటాఫీసులో అంతే. అరవై యేళ్లు అట్లా విన్న చెవికి, వైద్యశాస్త్రానికి నిజంగానే హద్దు వుందన్న మాట కొత్తది. ఆ కొత్త మాట ఆమెకు చేరాలంటే అరనిమిషం చాలదు. నమ్మకం కావాలి, సమయం కావాలి, ఆమె భాష కావాలి. చదువుకున్న ధనికుడికి చెప్పడం కంటే పేదవాడికి నిజం చెప్పడానికే యెక్కువ సమయం పడుతుంది. మన ఆసుపత్రులు సరిగ్గా దీనికి తలకిందులుగా నడుస్తున్నాయి. డబ్బు కట్టినవాడికి ఏసీ గదిలో కుర్చీ వేసి అరగంట చెబుతారు. కట్టలేనివాడికి వరండాలో నడుస్తూ చెబుతారు.

ఆ రోజు సాయంత్రమే నేను డాక్టరును కలిశాను. నాకు యింగ్లీషు వచ్చు గనుక, కాలేజీలో పాఠాలు చెబుతాను గనుక, నాకు అయిదు నిమిషాలు దొరికాయి. జబ్బు ముదిరిందనీ, కోసినా లాభం లేదనీ, మూడు నాలుగు నెలలనీ చెప్పారు. తెలుసుకుని వచ్చి నేనేం చేశాను? "యేం కాదక్కా, మందులతో తగ్గుతదంట" అన్నాను. బావ నా చెయ్యి పట్టుకుని, "నిజం చెప్పు బామ్మర్దీ, నాది యేం రోగం?" అని అడిగితే, "అల్సర్" అన్నాను.

వూరికి పోయాక ఆర్.ఎం.పి. ఒకడు వచ్చాడు. "ఆ ఆసుపత్రోళ్లు చెయ్యకపోతే యింకో ఆసుపత్రి వుంది, నేను మాట్లాడత" అన్నాడు. వాడికి ఆ ఆసుపత్రినుంచి కమీషన్ ముడుతుందని మూడూళ్లకు తెలుసు. అక్క రెండెకరాలు అమ్మింది. చాలకపోతే నూటికి మూడు రూపాయల మిత్తికి అప్పు తెచ్చింది. నేను నోరు తెరవలేదు. ఆశ తీయడం పాపమనుకున్నాను. రెండో ఆసుపత్రి వాళ్లు పొట్ట కోశారు, చూశారు, కుట్టేశారు. బిల్లు మాత్రం పూర్తిగా తీసుకున్నారు.

అక్కడ నిజం చెప్పింది డాక్టరు కాదు, నేను కాదు. రాత్రి డ్యూటీ ఆయా ఒకామె, స్టాఫ్ నర్సు ఒకామె. ఆయాది మహబూబ్‌నగర్ దిక్కు, నర్సుది మా దిక్కే. రాత్రి పదకొండు దాటాక వార్డు సద్దుమణిగితే, మెట్లమీద ఒంటిగా కూచున్న మా అక్క పక్కన యిద్దరూ కూచున్నారు. ఆయా మొదట అడిగింది: "అక్కా, మీ యింటాయనకు యేమైందని చెప్పిన్రు నీకు?" ఆపరేషన్ అయిందనీ, యిక బాగవుతాడనీ మా అక్క చెప్పింది. నర్సు కొంచెంసేపు మాట్లాడలేదు. తర్వాత, "నీకు పూర్తిగ తెలుసుకోవాలని వుందా అమ్మా?" అని అడిగింది. వుందన్నాక చెప్పింది. లోపల గడ్డ వేర్లు పారిందనీ, దాన్ని తీయడం దునియాలో యెవరి వల్లా కాదనీ, డబ్బుకూ దీనికీ సంబంధం లేదనీ చెప్పింది. "పైసలు పెట్టలేక చంపుకున్ననని నువ్వు జన్మలో అనుకోవద్దు" అని రెండుసార్లు చెప్పింది. నొప్పి తెలియకుండా వుండడానికి మందు వుంటుందనీ, అది యెక్కడ దొరుకుతుందో పొద్దున రాసిస్తాననీ అంది. మా అక్క యేడుస్తుంటే ఆయా ఆమె వీపుమీద చెయ్యివేసి తెల్లారేదాకా, పిలుపు వచ్చినప్పుడు లేచిపోయి మళ్లీ వచ్చి, పక్కనే వుంది.

మర్నాడు అక్క నాతో అన్నది యింతే: "నువ్వు సదువుకున్నోనివి తమ్మీ. నీకు తెల్సి గూడ చెప్పకపోతివి. గా ఆయమ్మ చెప్పింది." ఆమె నన్ను తిట్టలేదు. తిట్టి వుంటే బాగుండేది.

బావ యింటికొచ్చి యాభై రోజులు బతికాడు. అందులో సగం రోజులు మాటాడగల స్థితిలో వున్నాడు. ఆ సగం రోజుల్లో పెద్దల్లుణ్ణి బొంబాయినుంచి పిలిపించుకున్నాడు, బోరు అప్పు యెవరిదో తేల్చాడు, చిన్నబిడ్డ పేర యెకరం రాయించాడు. నా అబద్ధం నిలిచి వుంటే యివేవీ జరిగేవి కావు.

2

యిప్పుడు విద్యార్థి మిత్రుడి ప్రశ్నకు వద్దాం. దయ గుణం కదా, జీవో యిస్తే వస్తుందా?

ఆ రాత్రి ఆ యిద్దరు స్త్రీలు చేసింది గమనించండి. పక్కన కూచున్నారు. ముందు యేం తెలుసో అడిగారు. యెంత తెలుసుకోవాలనుందో అడిగారు. చిన్న చిన్న మాటల్లో చెప్పారు. యేడ్వనిచ్చారు. తర్వాత చెయ్యవలసింది చెప్పారు. యీ వరుసనే కెనడాలో పనిచేసిన రాబర్ట్ బక్‌మన్ అనే కాన్సర్ వైద్యుడు 1992లో పుస్తకంగా రాశాడు. 2000లో అతనూ, అమెరికాలోని అతని సహచరులూ దాన్ని ఆరు మెట్ల పద్ధతిగా ప్రచురించారు. చోటు సిద్ధం చేసుకోవడం, వాళ్లకు తెలిసింది అడగడం, యెంత తెలుసుకోదలిచారో అడగడం, చెప్పడం, వాళ్ల దుఃఖాన్ని గుర్తించడం, ముందు దారి వివరించడం – యివే ఆ ఆరు మెట్లు. ప్రపంచమంతటా వైద్యకళాశాలల్లో యిది పాఠం. మన దేశంలో కూడా 2019లో కొత్త ఎం.బి.బి.ఎస్. పాఠ్యప్రణాళిక వచ్చినప్పుడు వైఖరి, నీతి, సంభాషణ అనే అంశాన్ని తప్పనిసరి చేశారు. చెడ్డ కబురు చెప్పడం ఆ శిక్షణలో వుంది.

అంటే యేమిటి? దీన్ని నేర్పవచ్చు. మెట్లుగా విడదీయవచ్చు. పరీక్ష పెట్టవచ్చు. నాడి చూడడం యెట్లా నైపుణ్యమో యిదీ అట్లాగే నైపుణ్యం. నేర్పవచ్చునని ఒప్పుకున్నాక, 'అది కొందరికే వుండే మంచి మనసు' అనడం పని తప్పించుకునే మాట.

దయను గుణంగా పొగడడం వెనుక ఒక పాత మోసం వుంది. శ్రమను పుణ్యంగా మార్చి జీతం యెగ్గొట్టడం ఆ మోసం. తల్లి చాకిరీని త్యాగమన్నాం, పంతులు పనిని సేవ అన్నాం, నర్సును దేవత అన్నాం. దేవతకు డ్యూటీ గంటలు యెందుకు? దేవతకు పి.ఎఫ్. యెందుకు? మన కథకులు కూడా యీ పాపంలో పాలు పంచుకున్నారు. మన కథల్లో నర్సు వస్తే, తెల్లబట్టల కరుణామూర్తిగా వస్తుంది, లేదా డాక్టరును ప్రేమించడానికి వస్తుంది. ఆమె ఒక రాత్రి యెన్ని మంచాలు చూస్తుందో, యెన్ని రిజిస్టర్లు రాస్తుందో రాసే కథకుడు అరుదు. ఇక ఆయా కథలో కనిపిస్తే, పది రూపాయలు అడిగే చెయ్యిగానే కనిపిస్తుంది. ఆ పది రూపాయలు నిజమే. ఏజెన్సీవాడు కోత కోసి, నెలలు ఆలస్యం చేసి యిచ్చే జీతం కూడా నిజమే. రెండోది రాయకుండా మొదటిది రాయడం వాస్తవికత కాదు.

టాల్‌స్టాయ్ 1886లో ప్రచురించిన 'ఇవాన్ ఇల్యిచ్ మరణం' మనవాళ్లు చాలామంది చదివారు. అందులో జబ్బుకంటే యెక్కువగా ఇవాన్ ఇల్యిచ్‌ను బాధించేది చుట్టూవున్నవాళ్ల అబద్ధం. డాక్టర్లు, భార్య, స్నేహితులు అందరూ బాగవుతుందని నటిస్తుంటారు. నటించనివాడు గెరాసిం ఒక్కడే. వాడు పల్లెనుంచి వచ్చిన పనివాడు, మలమూత్రాలు యెత్తేవాడు. టాల్‌స్టాయ్ దీన్ని రైతు హృదయపు సహజ నిర్మలత్వంగా చూశాడు. నేను ఆయనతో అక్కడ విభేదిస్తాను. గెరాసిం శరీరాన్ని చూశాడు, తాకాడు, యెత్తాడు. రోగి శరీరంతో పనిచేసేవాడికి అబద్ధమాడే సౌకర్యం వుండదు. నిజం వాడి పనిలోనే వుంది. మా అక్కకు చెప్పిన ఆయా మా బావ పక్కబట్టలు రోజూ మార్చింది. నేను మంచానికి నాలుగడుగుల దూరంలో కుర్చీలో కూచున్నాను.

కాని ఆ ఆయాకు నిజం చెప్పే అధికారం లేదు. యెవరైనా ఫిర్యాదు చేస్తే మర్నాడు ఆమె పని పోయేది. చెప్పే బాధ్యత వున్న డాక్టరు చెప్పలేదు, చెప్పగలిగిన ఆయాకు హక్కు లేదు. యీ రెంటి మధ్య పడి మా అక్క రెండెకరాలు అమ్ముకుంది. ఆ డాక్టరును కూడా నేను దుర్మార్గుడనను. యిరవై ఆరేళ్లవాడు, ముప్పయ్యారు గంటలుగా నిద్రలేనివాడు, ఆ వుదయం అరవైమందిని చూడవలసినవాడు. చెప్పడం వాడికెవరూ నేర్పలేదు, చెప్పడానికి గంట యెవరూ యివ్వలేదు. దయలేని మనుషులని వాళ్లను తిట్టడం సులువు. దయకు సమయం యివ్వని యేర్పాటును తిట్టడమే మన పని.

3

పెద్దలైన మిత్రుడి మాట దీనికంటే బరువైనది. ముందు మంచాలు, మందులు. మాటలు తర్వాత.

నల్లగొండలో నిలబడి యీ మాట అనడం నాకు ఆశ్చర్యం. యీ జిల్లాకు తెలిసినంతగా చెడ్డ కబురు గురించి యే జిల్లాకు తెలుసు? యిక్కడి బోర్ల నీళ్లలో ఫ్లోరైడ్ వుందని 1945లోనే వైద్యులు రాశారు. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడని పదార్థం మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి ప్రాంతాల్లో దానికి యెన్నో రెట్లు కనిపించింది. పిల్లల పళ్లు గారపట్టాయి, కాళ్లు వంకరపోయాయి, నడివయసువాళ్ల వెన్నెముకలు కర్రల్లా బిగుసుకుపోయాయి. వంగిన యెముకను మళ్లీ నిలబెట్టే మందు లేదు. తల్లి పిల్లవాణ్ణి చంకనేసుకుని ఆసుపత్రికి వస్తే చెప్పవలసిన కబురు అదే: నయంకాదు.

ఆ కబురును రెండు రకాలుగా చెప్పవచ్చు. "మా చేతిలో యేం లేదు, రాత" అని చెప్పవచ్చు. లేదా, "అమ్మా, యిది మీ పాపం కాదు, మీ వంశంది కాదు. మీరు తాగే నీళ్లది. యీ పిల్లవాడికి యింతవరకు జరిగింది తిప్పలేం. కాని కడుపులో వున్నవాడికి జరగకుండా ఆపవచ్చు. నీళ్లు మారాలి" అని చెప్పవచ్చు. మొదటి రకంగా విన్న తల్లి దర్గాకు పోయింది, గుట్టకు పోయింది. రెండో రకంగా విన్న తల్లి కలెక్టరాఫీసుకు పోయింది. 1996 లోక్‌సభ యెన్నికల్లో నల్లగొండ స్థానానికి 480 మంది పోటీలో నిలిచి, బ్యాలెట్‌ను పుస్తకం చేసి, దేశమంతా యిటువైపు చూసేట్టు చేశారంటే, నీళ్లే కారణమని ఊరూరికీ తెలిసినందువల్లనే. పటికా సున్నమూ వేసి ఫ్లోరైడ్ తీసే పద్ధతి 1970లలో నాగపూరు శాస్త్రజ్ఞుల చేతిలో తయారై 'నల్లగొండ టెక్నిక్' పేరుతో ఆఫ్రికా దేశాలదాకా పోయింది. నల్లగొండ యిళ్లకు మాత్రం మంచినీళ్ల కోసం దశాబ్దాలు పోరాడవలసి వచ్చింది. 2016లో మిషన్ భగీరథ మొదలయ్యాక కృష్ణ నీళ్లు చాలా వూళ్లకు చేరాయి. వంగిన నడుములు మాత్రం వంగే వున్నాయి. ఆ నడుములున్న యిళ్లలో యిప్పటికీ కూచుని మాట్లాడవలసినవాళ్లు కావాలి.

అందువల్ల నిజం చెప్పడం మంచాల పోరాటానికి పోటీ కాదు. ఆ పోరాటం అక్కడినుంచే మొదలవుతుంది. కారణం తెలియని దుఃఖం కర్మ అవుతుంది. కారణం తెలిసిన దుఃఖం డిమాండు అవుతుంది. యీ సంగతి అభ్యుదయవాదులకు నేను చెప్పవలసిన అవసరం లేదనుకున్నాను.

రెండో సంగతి ఆర్థికం. చెప్పని నిజాన్ని యెవరో ఒకరు అమ్ముకుంటారు. మా అక్కకు మొదటి ఆసుపత్రిలో ఇరవై నిమిషాలు కూచోబెట్టి చెప్పివుంటే ఆర్.ఎం.పి. కమీషన్ పోయేది, రెండో ఆసుపత్రి బిల్లు పోయేది, రెండెకరాలు మిగిలేవి. అబద్ధపు ఆశ యివాళ ఒక సరుకు. దానికి ఏజెంట్లున్నారు, అంబులెన్సులున్నాయి. ఆరోగ్యశ్రీ పథకం 2007 యేప్రిల్‌లో మొదటగా వచ్చిన మూడు జిల్లాల్లో మన మహబూబ్‌నగర్ ఒకటి. దానివల్ల వేలమంది బతికారు, నేను కాదనను. కాని ఆ పద్ధతి స్వభావం చూడండి: కోతకు ధర, కుట్టుకు ధర, స్టెంటుకు ధర. కొయ్యవలసిన అవసరం లేదని కూచుని చెప్పిన అరగంట యే లెక్కలోకి రాదు. చేస్తే డబ్బు, వద్దని చెబితే సున్న. యిట్లాంటి లెక్కలో నిజం మాట్లాడేవాడు నష్టపోక తప్పదు.

మూడోది, మాటకు భాష కావాలి. దేవరకొండ తండాల్లో తల్లి మాట లంబాడీ. ఆమెకు మన పుస్తకాల తెలుగు కూడా పరాయిదే. నారాయణపేట, మక్తల్ దిక్కు కన్నడం, పాతపేటల్లో ఉర్దూ. కొడుకేమో పూనాలోనో బొంబాయిలోనో కూలికి పోయి వుంటాడు. పాలమూరు కూలీ కట్టని డ్యాము, వెయ్యని రోడ్డు దేశంలో తక్కువ. వాడికి తండ్రి సంగతి ఫోనులో చెప్పాలి. 'సీరియస్, రా' అన్న రెండు ముక్కలు విని రెండు రాత్రులు జనరల్ బోగీలో నిలబడి వచ్చేవాడి గురించి ఆసుపత్రి ఆలోచించాలా వద్దా? మహబూబ్‌నగర్‌లో 2016లో, నల్లగొండలో 2019లో, నాగర్‌కర్నూలు, వనపర్తుల్లో 2022లో ప్రభుత్వ వైద్యకళాశాలలు వచ్చాయి. ఆ కళాశాలల్లో చెడ్డ కబురు పాఠం తెలుగులో, లంబాడీలో అభ్యాసం చేయించమని అడగడానికి మంచాల సంఖ్య పెరిగేదాకా ఆగాలా?

4

దీనికి నమూనా లేదనేవాళ్లకు ఒక దృష్టాంతం చూపుతాను. అది కొంచెం చేదుగా వుంటుంది.

హైదరాబాదు–విజయవాడ రోడ్డు నల్లగొండ గుండెమీదుగా పోతుంది. హైదరాబాదు–బెంగుళూరు రోడ్డు పాలమూరు మీదుగా పోతుంది. రెండు రోడ్లమీదా యువకులు తలలు పగిలి పడిపోతుంటారు. అటువంటి ఒక కుర్రవాడికి మెదడు చచ్చిపోయి, వెంటిలేటరు మీద గుండె ఆడుతూ వుందనుకోండి. 1994 అవయవ మార్పిడి చట్టం ప్రకారం వైద్యుల బృందం ఆరుగంటల యెడంతో రెండుసార్లు పరీక్షించి నిర్ధారించాలి. 2011 సవరణ ప్రకారం అవయవమార్పిడి చేసే ఆసుపత్రిలో కోఆర్డినేటరు తప్పనిసరి. మన దగ్గర 2013లో మొదలైన జీవన్‌దాన్ కింద శిక్షణ పొందిన ఆ మనిషి వచ్చి, యింటివాళ్లను ఒక గదిలో కూచోబెట్టి, మెదడు మరణమంటే యేమిటో ఓపికగా చెప్పి, వాళ్లు యేడ్చిన తర్వాత, అవయవాలు యిస్తారా అని అడుగుతారు. చెలకల్లో బతికే తల్లిదండ్రులు ఆ దుఃఖంలో కూడా సరేనని, ముక్కూ మొహం తెలియనివాళ్లకు ప్రాణం పోశారు. వాళ్లకూ, ఆ కోఆర్డినేటర్లకూ నేను చేతులెత్తి మొక్కుతాను. యీ వాక్యాన్ని యెవరూ వక్రీకరించవద్దు.

నేనడిగేది ఒక్కటే. ఆ గది, ఆ కుర్చీ, ఆ శిక్షణ, ఆ ఓపిక – సాధ్యమేనని చట్టమే రుజువు చేసింది. మరి పక్క మంచం మీద పురుగుల మందు తాగి చనిపోయిన రైతు భార్యకు అవెందుకు లేవు? పుట్టిన రెండోరోజు చనిపోయిన బిడ్డ తల్లికి యెందుకు లేవు? యివ్వడానికి అవయవాలున్న చావుకు చట్టం మనిషిని నియమించింది. యివ్వడానికి యేమీ లేని చావుకు వార్డుబాయ్ వచ్చి, "బాడీ యెప్పుడు తీస్తరు?" అని అడుగుతున్నాడు. మొదటిదాన్ని తగ్గించమని నా కోరిక కాదు, రెండోదానికి కూడా అంతే కావాలని.

యింకొక దృష్టాంతం పొరుగున వుంది. కాలికట్‌లో 1993లో డాక్టరు రాజగోపాల్, డాక్టరు సురేశ్‌కుమార్ మొదలైనవారు నొప్పి నివారణ కేంద్రం పెట్టారు. అది పంచాయతీల్లోకి, వాడల్లోకి పాకి, 2008లో కేరళ ప్రభుత్వ విధానమైంది. అక్కడ రిక్షావాడు, విద్యార్థి, పార్టీ కార్యకర్త వంతులవారీగా మంచం పట్టినవాడి యింటికి పోతారు. దాతృత్వమని మన మిత్రుడు కొట్టిపారేసిన పనిని అక్కడి వామపక్ష కార్యకర్తలు రాజకీయ కర్తవ్యంగా నెత్తికెత్తుకున్నారు. మన హైదరాబాదులో ఎం.ఎన్.జె. కాన్సర్ ఆసుపత్రిలో యీ పని జరుగుతున్నది. తెలంగాణ ప్రభుత్వం మహబూబ్‌నగర్ లాంటి జిల్లాల్లో పాలియేటివ్ కేంద్రాలు తెరిచింది. నర్సులు బండి యెక్కి పల్లెలకు పోయి పుండ్లు కడిగి, మార్ఫిన్ యిచ్చి, యింటివాళ్లతో కూచుని మాట్లాడే పద్ధతి అది. 1985 మాదకద్రవ్యాల చట్టం భయంతో రోగికి అందకుండా పోయిన మార్ఫిన్‌కు 2014 సవరణ దారి తెరిచింది. దారి వుంది. నడిచేవాళ్లు తక్కువ, వాళ్లలోనూ కాంట్రాక్టువాళ్లు యెక్కువ.

మనకు సొంత సంప్రదాయం కూడా లేకపోలేదు. నెల్లూరు ప్రజావైద్యశాలలో డాక్టరు రామచంద్రారెడ్డి పల్లె యువకులకు వైద్యం నేర్పి వూళ్లకు పంపారు. వైద్యమంటే మందుబిళ్లే కాదని ఉద్యమం ఒకనాడు యెరుగును. యిప్పుడు మరిచిపోయింది.

5

చివరికి, సభలో నేనెందుకు పట్టుపట్టలేదో చెప్పాలి. సిగ్గువల్ల. గది కావాలి, మనిషి కావాలి అని యింకొకరిని అడుగుతున్న నేను, సొంత అక్కకు నిజం చెప్పలేకపోయినవాణ్ణి. మన యిళ్లలో యిది ఆచారం. రోగికి చెప్పవద్దు, ఆడవాళ్లకు చెప్పవద్దు, ముసలివాళ్లకు చెప్పవద్దు, తట్టుకోలేరు. యెవరు తట్టుకోలేరు? తట్టుకోలేనిది నేను. ఆమె యేడుపు చూడలేని నా పిరికితనానికి నేను ప్రేమ అని పేరు పెట్టుకున్నాను. ఆ పిరికితనానికి ఖర్చు ఆమె కట్టింది. తెలుసుకోవద్దనుకునే హక్కు కూడా మనిషికి వుంది, నిజమే. కాని అది అడిగి తెలుసుకోవాలి. 'నీకు పూర్తిగ తెలుసుకోవాలని వుందా?' అని ఆ నర్సు అడిగింది. బి.ఏ.లో తర్కశాస్త్రం చెప్పిన నాకు ఆ ఒక్క ప్రశ్న తోచలేదు.

వచ్చే నెల సభ మళ్లీ వుంది. సవరణ మళ్లీ ప్రవేశపెడతాను. యీసారి వివరంగా: జిల్లా ఆసుపత్రుల్లో తలుపున్న ఒక గది, నాలుగు కుర్చీలు. ప్రతి షిఫ్టులో యీ పని కోసం విడిచిన నర్సు, ఆమెకు పర్మనెంటు వుద్యోగం. ఆయాలకు, వార్డుబాయ్‌లకు శిక్షణ, చెప్పే బృందంలో స్థానం, ఏజెన్సీ పద్ధతి రద్దు. తండాల దిక్కు లంబాడీ వచ్చినవాళ్లు. చెప్పినది రోగి భాషలో రాసి యివ్వడం. చనిపోయిన పదిరోజులకు ఆ యింటికి ఆసుపత్రినుంచి ఒక మనిషి పోవడం.

పెద్దలైన మిత్రుడు మంచాలెన్నో అడగాలని మళ్లీ అంటే, అడుగుదాం, కలిసే అడుగుదాం. కాని మంచంమీద మనిషి వున్నాడు, మంచం పక్కన మనిషి వున్నాడు. తీర్మానంలో మంచానికి ఆరు వాక్యాలున్నాయి. పక్కన కూచున్నవాళ్లకు ఒక్క వాక్యం అడుగుతున్నాను. వోటింగు పెట్టమని యీసారి పట్టుపడతాను.